వెల్వెట్ కెటిల్ డ్రమ్మరు

నెవిల్ ట్రాంటర్ ఇంటి తలుపు ఇప్పటికీ ఎవరో ఒకరు తడుతూనే ఉంటారు. చంకలో ఆ పాత రికార్డు పెట్టుకుని జపాన్ నుంచి కూడా వస్తారు. వెల్వెట్ కెటిల్ బృందం మొదటి రికార్డు అది. మత్తులో తేలించే సైకెడెలిక్ సంగీతానికి అదే పెద్ద మలుపని లావుపాటి పుస్తకాలు రాసిపడేశారు. "మూడో పాటలో మీ డ్రమ్ములు వింటే ఒళ్లు జలదరిస్తుందండీ" అంటారు వచ్చినవాళ్లు. నెవ్ సంతకం పెట్టి, టీ ఇచ్చి పంపేస్తాడు. గ్యాస్ పొయ్యిలు బాగుచేసుకుని బతికిన మనిషి. స్మెథిక్ ఊళ్లో మా వీధిలో అతని చెయ్యి పడని పొయ్యి లేదు. అతను డ్రమ్ము ముట్టుకోగా చూసినవాళ్లు మాత్రం ఈ నలభై ఏళ్లలో ఎవరూ లేరు.

తండ్రి ఆల్బర్ట్‌ది కార్ల ఫ్యాక్టరీలో రేకులు అదిమే పని. ఆదివారాలు కార్మికుల బ్యాండులో పెద్ద డ్రమ్ము ఆయనదే. ఆ దెబ్బ చూసుకునే ఊరేగింపంతా అడుగు వేసేది. అదే ఫ్యాక్టరీలో పని నేర్చుకుంటున్న కొడుకు మధ్యలో మానేసి, జుట్టు పెంచి, క్లబ్బుల్లో వాయిస్తానన్నాడు. ఆల్బర్ట్ కొట్టలేదు, తిట్టలేదు. అంతకంటే ఘోరం చేశాడు.

"తాగినోళ్ల ముందు బాదేది కూడా ఓ వాయింపేనట్రా? తిన్నగా వాయించడం వచ్చిన్రోజు చెప్పు, వింటా" అన్నాడు.

అన్నట్టుగానే ఒక్క రోజూ క్లబ్బు గడప తొక్కలేదు. బయటివాళ్ల చప్పట్లు ఎన్ని పడ్డా నెవ్‌కు ఆనలేదు. తండ్రి నోట ఒక్క మంచి మాట వినాలన్నదే అతని ఆశంతా.

మా వైపు క్లబ్బుల్లో ఓ అలవాటుంది. జనం ఊపు మీదికి వచ్చేకొద్దీ డ్రమ్మరు వేగం పెంచాలి. నడకగా మొదలైన పాట పరుగుగా ముగియాలి. పెంచనివాడి మీదికి చిప్స్ పొట్లాలు లేచేవి. నెవ్ చేతులకు ఆ పరుగు పట్టేసింది. 1967 వసంతంలో లండన్ స్టూడియోకు వెళ్లినప్పుడు అదే అతని కొంప ముంచింది.

రికార్డు తీయించే హార్లాండ్ టై కట్టిన పెద్దమనిషి. మొదటి పాట సగంలోనే చెయ్యెత్తాడు.

"ఏం బాబూ, రైలేమైనా అందుకోవాలా?"

"లేదండీ."

"మరెక్కడికా పరుగు?"

మర్నాడు నెవ్ వెళ్లేసరికి అతని స్టూలు మీద రెగ్ ఓక్లీ కూర్చుని ఉన్నాడు. కోటు, కళ్లద్దాలు, మోకాలి మీద పేపరు, అందులో సగం నింపిన గళ్ల నుడికట్టు. ఎవరి రికార్డుకైనా గంటల లెక్కన వాయించిపోయే మనిషి. లండన్లో అప్పుడదే పద్ధతి. అట్ట మీద మొహం ఒకడిది, లోపల చేతులు ఇంకొకడివి.

"ఈ ఒక్క రికార్డుకే కదరా నెవ్. స్టేజీ మీద నువ్వేగా" అన్నాడు పాటలు రాసే కాలిన్, మొహం చూడకుండా.

లోకాన్నే మార్చేస్తామని తిరిగారు వీళ్లు. పూల చొక్కాలు, అగరొత్తులు, వెనక్కి తిప్పిన టేపులు, అబ్బో! స్నేహితుడి స్టూలు కోసం మాత్రం ఒక్కడికీ నోరు పెగల్లేదు. నెవ్ సోఫాలో కూర్చున్నాడు. అందరికీ టీ తెచ్చి ఇచ్చాడు.

ఆఖరి రోజున, చివరి పాట మిగిలి ఉండగా రెగ్ గడువు అయిపోయింది. పూటకు మూడు గంటలంటే మూడే గంటలు, వాయిద్యగాళ్ల యూనియన్ మాట. "థియేటర్లో నాటకానికి వాయించాలి నేను" అంటూ లేచాడు. హార్లాండ్ విసుక్కున్నాడు.

"సరే, ఆ కుర్రాణ్ణే వాయించమను. చివరి పాట ఎవడు వింటాడు?"

నెవ్ ప్రాణం పెట్టి వాయించాడు. అయ్యాక కాలిన్ వచ్చి కావలించుకుని ఏడ్చాడు. జీవితంలో అంత బాగా ఎప్పుడూ వాయించలేదని నెవ్‌కు తెలుసు.

ఆగస్టులో రికార్డు విడుదలైంది. అట్ట వెనక 'డ్రమ్ములు: నెవిల్ ట్రాంటర్' అని అచ్చేశారు. తల్లి ఐవీ దాన్ని వీధి వీధంతా తిప్పి చూపించింది. ఆదివారం భోజనాలయ్యాక మొగుడి ముందు పెట్టింది.

"ఇది క్లబ్బు కాదుగా. లండన్ పెద్దలే చేయించారు. ఇప్పుడైనా వినండి."

ఆల్బర్ట్ కళ్లు మూసుకుని, కుర్చీ చేతి మీద వేలితో తడుతూ విన్నాడు. మూడో పాటకు కళ్లు తెరిచాడు.

"ఒరేయ్, ఇది నువ్వేనా?"

తల్లి మొహం వెలిగిపోతోంది. నెవ్ ఆ మొహం వంకే చూశాడు.

"నేనే నాన్నా."

"దీనికి మా బ్యాండు మొత్తం అడుగేస్తుందిరా! నేనే నిన్ను తక్కువ చేశాను" అని ఆల్బర్ట్ చెయ్యి చాచి కొడుకు చెయ్యి పట్టుకున్నాడు.

అది తనది కాని మెప్పు. నెవ్‌కు సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. అయినా చెయ్యి వెనక్కి తీసుకోలేదు. చివరి పాట ఇంకా ఉంది. అది వింటే నాన్న అన్న మాటలు నిజంగా తనవే అవుతాయని ఆశపడ్డాడు.

రికార్డు తిరగేశారు. ఒక్కో పాటకు ఆల్బర్ట్ తలాడిస్తూనే ఉన్నాడు. చివరి పాట మొదలైంది. ఆయన వేలు కాసేపు తట్టింది, తడబడింది, ఆగిపోయింది.

"ఇదేంట్రా, ఇలా పరిగెత్తావు? మిగతావన్నీ అంత బాగా వాయించి... ఆ రోజు ఒంట్లో బాగోలేదా?"

"అవును నాన్నా," అన్నాడు నెవ్. "జ్వరం."