ఖాళీ ఇంటికి ఫోన్

"వినబడతాండాదా?" అన్నాడు ఆయన.

"ఆ, బాగా వినబడతాండాది. పెట్టెయ్, పొయ్యి మీద పాలుండాయి" అన్నాను నేను.

మా ఇద్దరి మధ్య చివరి మాటలు ఇవే. ఆయన ఫోన్ల కంపెనీలో లైన్‌మన్. ఆరోజు కార్వేటినగరం దగ్గర స్తంభమెక్కి, తెగిన తీగ కలిపి, లైను పలుకుతుందో లేదో చూడటానికి మా ఇంటికి ఫోన్ చేశాడు. అది ఆయన అలవాటు. ఎవరి లైను బాగుచేసినా ముందు ఇంటికే చేసి చూసుకునేవాడు. రోజుకు ఐదారుసార్లు మోగేది. నేను వినబడతాండాది అనాలి, ఆయన పెట్టెయ్యాలి. దాన్ని మాట్లాడుకోవడం అని మేమెప్పుడూ అనుకోలేదు. ఆరోజు స్తంభం దిగి, నీళ్ళు తాగి, నీడన కూర్చున్న మనిషి మళ్ళీ లేవలేదు. గుండె అన్నారు.

ఇది రాస్తున్నది మా ఆడబిడ్డ, ఆయన చెల్లెలు. నేను చెబుతున్నాను, తను రాస్తోంది.

ఆయన పోయాక నాకు చిత్తూరు ఎక్స్ఛేంజిలో అటెండరు పని ఇచ్చారు. తిరుపతి ఆఫీసులో కాగితం చేతికిచ్చిన పెద్దమనిషి "ఏమి చదివినావమ్మా?" అన్నాడు.

"సంతకం వచ్చు సార్, అంకెలు వచ్చు."

"అంకెలొస్తే చాల్లే. ఈడ మాకు కావల్సింది అవే గదా" అని నవ్వాడు.

ఊళ్ళోని తీగలన్నీ వచ్చి చేరే గది ఒకటుంది ఎక్స్ఛేంజిలో. ఇనుప చట్రాలకు వేల తీగలు జడలు జడలుగా వేలాడుతుంటాయి. ఆ గది ఊడ్చి తుడవడం నా పని. మొదటి నెలలోనే తప్పు చేశాను. తీగల మధ్య అక్కడక్కడా ఎర్రటి ప్లాస్టిక్ బిళ్ళలు గుచ్చి ఉన్నాయి, దుమ్ముపట్టి. ఎవరో పనికిమాలినవాళ్ళు గుచ్చిపోయారనుకున్నాను. అన్నీ పీకి, సబ్బునీళ్ళలో కడిగి, మేడ మీద చేటలో ఆరబోశాను. మధ్యాహ్నానికి ఇంజనీరు తల పట్టుకుని వచ్చాడు. ఫోన్ వద్దని రాసిచ్చినవాళ్ళ తీగకు ఆ బిళ్ళ గుచ్చితే లైను చస్తుందట. నేను పీకేసరికి అవన్నీ లేచి కూర్చున్నాయి.

"సచ్చిన ఫోన్లన్నీ బతికిస్తివి గదక్కా! రేపట్నించి నీకే టెంకాయ కొట్టల్ల మేము" అన్నాడు ఒక లైన్‌మన్. హాలంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఆయన పోయాక నవ్వడం అదే మొదలు.

ఆ హాలు ఇప్పుడు లేదు. గోడలున్నాయి, మనుషులు లేరు. చాలామంది ఒకేసారి ముందుగా రిటైరై వెళ్ళిపోయారు. హాలు నిండిన మిషన్లు పోయి బీరువా అంత మిషను ఒకటి వచ్చింది. ఏసీ దానికోసం, మనుషులకోసం కాదు. నేను శాలువా కప్పుకుని సంగటి తింటాను. ఇంజనీరు వారానికి రెండు రోజులు వస్తాడు, ఆయనకు ఇంకో రెండు ఊళ్ళున్నాయి. కొన్ని రోజులు నేను నోరు తెరిచేది గేటు దగ్గర వాచ్‌మన్‌తో మాత్రమే. అదీ తాళం గురించి.

అందుకని మధ్యాహ్నం అన్నం తిన్నాక చట్రం పక్కనున్న పరీక్ష ఫోను ఎత్తి మా ఇంటికి చేసేదాన్ని. ఇంట్లో ఎవరూ లేరని నాకు తెలియదా? తెలుసు. అయినా మోగుతుంటే గూట్లో ఫోను, దాని మీద కప్పిన గుడ్డ, మూసిన కిటికీ కనబడేవి. పది మోతలు విని పెట్టేసేదాన్ని. రోజూ. ఇన్నేళ్ళూ.

ఇప్పుడు రాగి తీగలన్నీ తీసేసి ఫైబరంటారే, ఆ గాజు తీగలు వేస్తున్నారు. మా ఇంటి ఫోన్ వద్దని రాసిచ్చే కాగితమొకటి ఇంజనీరు నాకు చూపించాడు. "మీ వీధి కేబులుకంతా మీ లైనొక్కటే మిగిలిండాదమ్మా. దానికోసం గుంతల్లో నీళ్ళు తోడిస్తా ఉండాము. సెల్లు ఉండాది గదా మీకు. సంతకం పెట్టండి."

"పెట్టను సార్."

"ఎందుకని?"

మూడుసార్లు అడిగాడు పాపం, కోప్పడలేదు. చివరికి "ఎందుకో రెండు వరుసలు రాసియ్యండి, పైకి పంపిస్తా" అన్నాడు.

ఆ వారమే మా ఆడబిడ్డ పలమనేరు నుంచి చెప్పకుండా వచ్చింది. తన దగ్గర ఇంకో తాళంచెవి ఉంది. రాయి అమ్మణ్ణీ, నీ గురించే, సిగ్గుపడొద్దు. నాకు తెలియక ఎప్పటిలా ఫోన్ చేశాను. మూడో మోతకు ఎత్తారు.

"ఎవురూ?"

ఫోను చెవికి ఇంకా గట్టిగా అదుముకున్నాను.

"మా వదిన ఇంట్లో లేదబ్బా, ఆపీసుకు పోయిండాది. ఏమన్నా చెప్పల్లనా?"

నేను ఇంట్లో లేనని నాకే చెబుతోంది.

"ఏమీ లేదులే" అన్నాను.

"వదినా? నువ్వా? ఇంట్లో ఎవురుండారని చేసినావు?"

"ఎవురూ లేరనే చేసినా."

అవతల ముక్కు చీదిన చప్పుడు. తర్వాత "సంగటి తిన్న్యావా?" అంది.

"తిన్న్యా."

"సాయంత్రం బిర్నా రా, చీకటి పడకముందే. పెట్టేస్తాండా."

మర్నాడు మళ్ళీ చేశాను. తను బజారుకు పోయింది, ఎవరూ ఎత్తలేదు. ఆ మోత వింటూ ఉంటే అర్థమైంది. ఆయన చేస్తే ఎత్తడానికి నేనుండేదాన్ని. నేను చేస్తే ఎత్తాల్సిన మనిషిని కూడా నేనే, ఇక్కడ శాలువా కప్పుకుని నిలబడి ఉన్నాను. ఇన్నేళ్ళు చేసినా ఇంకెన్నేళ్ళు చేసినా అంతే.

సంతకం పెడతాను. కానీ ఆ కాగితంలో 'ఈ ఫోన్ నాకు అవసరం లేదు' అని అచ్చేసి ఉందట. ఆ మాట కింద పెట్టను. అవసరం ఉండింది, ఇప్పటికీ ఉంది, అయినా తీసేసుకోండి అని రాయి. ఇంజనీరు అడిగింది రెండు వరుసలే, ఇన్ని ఎందుకంటే ఎందుకో నాకూ తెలియదు.

రాసినావా అమ్మణ్ణీ? యాడా ఇడిసిపెట్టలేదు గదా? మొదట్నించి ఒకసారి సదువు, నిదానంగా. నేను ఇంటాను.