సముద్రాన్ని తీసేసిన ఆదివారం

దగ్గరికి జరిగి కూర్చోండి, అక్కడ ఫ్యాను గాలి తగలదు. చేతిలో పనేదైనా ఉంటే పక్కన పెట్టనక్కర లేదు, చేసుకుంటూనే వినండి. నేను ఐదో తరగతి దాటి చదవలేదు గానీ, ఒకసారి విన్న మాట, ఒకసారి పడిన బాధ నా దగ్గర అలాగే ఉండిపోతాయి. ఇవాళ చెప్పేది ఓర్వలేనితనం గురించి. ఆడవాళ్ళు తోటికోడలి నగలు చూసో, పక్కింటి బీరువా చూసో ఓర్వలేకపోవడం మీరు విని ఉంటారు. నేను కంప్యూటర్‌లో ఉన్న సముద్రాన్ని చూసి ఓర్వలేకపోయాను.

మా ఆయనది పటాన్‌చెరు పక్కన చిట్కుల్ ఊరు. అక్కడి మగపిల్లలు వయసు రాగానే చుట్టుపక్కల ఫ్యాక్టరీల్లో ఏదో ఒక గేటులోకి పోతారు. ఈయన మాత్రం ఒక దోస్తు వెంట ముంబై పోయి ఓడెక్కాడు. మొదట్లో తాళ్ళు లాగడం, తుప్పు గీకడం, రంగులేయడం. తర్వాత ఆఫీసరు పక్కన నిలబడి చుక్కాని పట్టడం. ఏడాదిలో ముప్పాతిక భాగం నీళ్ళ మీద, మిగిలింది ఇంట్లో. బీరంగూడలో కిరాయి ఇంట్లో బిడ్డను పెంచుకుంటూ, నీళ్ళ ట్యాంకరు వెనక పరుగెత్తుకుంటూ నా వయసంతా గడిచిపోయింది. ఆయన ఎక్కడున్నాడో ఎవరైనా అడిగితే "సముద్రంల" అనేదాన్ని. అంతకన్నా నాకేం తెలుసు?

మూడేళ్ళ కిందట ఆయన "ఇగ సాలు" అని వచ్చేశాడు. పాశమైలారంలో ఒక కంపెనీలో క్రేను నడిపే పని దొరికింది. పొద్దున షిఫ్టుకు పోయి సాయంత్రానికి ఇల్లు చేరే మొగుడు నాకు కొత్త. పక్కింటావిడకు వినపడాలని "కాళ్ళు కడుక్కొని రా, అన్నం పెడ్త" అని గట్టిగా అనేదాన్ని.

ఆయన కాళ్ళు కడుక్కుని వచ్చి కూర్చునేది మాత్రం పళ్ళెం ముందు కాదు, బిడ్డ కంప్యూటర్ ముందు. ఓడలో ఉండగా ఒక కుర్ర ఆఫీసరు ఏదో ప్రోగ్రాం పెన్‌డ్రైవ్‌లో వేసి ఇచ్చాడట. ఓడలు దారి చూసుకునే చార్టులు అందులో తెరుచుకుంటాయి. కొన్ని దేశాలు తమ తీరాల చార్టులను ఊరికే ఇస్తాయట. ఈయన వాటిని ఒక్కొక్కటిగా దింపుకుని పోగేశాడు. నీళ్ళ లోతు చెప్పే అంకెలు, మునిగి ఉన్న రాళ్ళ గుర్తులు, ఏ లైట్‌హౌస్ ఎన్నిసార్లు మెరిసి ఆగుతుందో, అన్నీ ఉంటాయి వాటిలో. వారం వారం వాటికి దిద్దుబాట్లు వస్తాయి. అవి కూడా వదలకుండా దింపుతాడు.

ఒకరోజు తెర చూసి నాలుక చప్పరించాడు. ఏమైందని అడిగాను.

"గీ లైటు తీసేసిన్రు," అన్నాడు, దగ్గరివాళ్ళు ఎవరో పోయినట్టు.

"వంటింట్ల గోడకు రంగు మార్చి నెలైంది. అది కండ్లవడ్డదా నీకు?"

"ఏం రంగు?"

ఆ పూట గిన్నెలే మాట్లాడాయి.

నాకు పోటీ వచ్చింది ఆడమనిషైతే పోయి ఎదురుగా నిలబడి నాలుగు మాటలు అనవచ్చు. నీలి రంగులో అంకెలు చల్లుకుని పడుకున్న దాన్ని ఏమనాలి? ఆయన కళ్ళద్దాలు పైకి తోసుకుని తెరకు ముఖం ఆనించి చూసే తీరు నేను ఎరుగుదును. పెళ్ళిచూపుల్లో నన్ను కూడా అంత దగ్గరగా చూడలేదు.

మొన్న వానలకు ముందు పాత ఏజెంటు ఫోన్ చేశాడు. మంచి ఓడ ఉంది, ఒక్క కాంట్రాక్టు, అనుభవం ఉన్న మనిషి కావాలి, ఆదివారం సాయంత్రంలోపు చెప్పమన్నాడట. ఆ సంగతి మా ఆయన అన్నం తింటూ, పళ్ళెంలోకి చూస్తూ చెప్పాడు.

"ఏమంటవ్?" అన్నాడు చివర్లో.

"నీ ఇష్టం," అన్నాను.

ఆయన ఓడెక్కిన ప్రతిసారీ నేను అన్న మాట అదే. అనేసి వంటింట్లోకి పోయి ఊరికే నిలబడ్డాను.

ఆ వారంలోనే ఆయన చార్టుల దిద్దుబాట్లన్నీ కూర్చుని దింపాడు. పోనివాడికి కొత్త చార్టులు దేనికి? పోతాడు, పోవడానికే తయారవుతున్నాడు అనుకున్నాను. నోటితో అడగలేదు. ఆ ఫైళ్ళ మీద పగ పట్టాను. అవి ఇంట్లో లేకపోతే ఈయన మనసు నీళ్ళ మీదికి పోదని నా నమ్మకం.

అడగకుండానే బిడ్డ నా పని చేసిపెట్టింది. తను పటాన్‌చెరులో మిషను పార్టుల డ్రాయింగులు గీసే ఆఫీసులో కొత్తగా చేరింది. ఆ డ్రాయింగు ప్రోగ్రాం ఇంట్లో కూడా వేసుకోవాలి. చూస్తే కంప్యూటర్‌లో జాగా లేదు.

"నాయినా, దీంట్ల సగం నీ సముద్రమే ఉన్నది. తీసేయాలె," అంది శనివారం.

"మొత్తమా?"

"కావాలంటే మల్ల దింపుకో. ఊరికేనే ఇస్తరు గద."

ఆయన గడ్డం గోక్కున్నాడు. "నీ పనికంటె ఎక్కువనా, బిడ్డా. తియ్."

నాకు సంతోషమే. అయినా ఎక్కడో గుచ్చుకుంది. గోడ రంగు చూడమని నేను మొత్తుకున్నప్పుడు వినని మనిషి, బిడ్డ అడగగానే సముద్రమంతా ఇచ్చేశాడు.

బిడ్డ ఆ చార్టులున్న ఫోల్డర్ మొత్తం తీసేసింది. చెత్తబుట్ట గుర్తులో మిగిలినవి కూడా ఖాళీ చేసింది. నేను గరిటె పట్టుకుని దాని వెనకే నిలబడ్డాను.

"ఐపోయిందా?"

"ఐపోయిందమ్మా. నువ్వెందుకు గట్ల సూస్తున్నవ్?"

ఆ సాయంత్రం గారెలు చేశాను. ఎందుకని ఎవరూ అడగలేదు.

మర్నాడు ఆదివారం. భోజనాలయ్యాక ఆయన మళ్ళీ కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. నీళ్ళ చెంబు పట్టుకుని అటు పోయిన నాకు తెర మీద సముద్రం కనపడింది. అదే నీలం, అవే అంకెలు. ఒక్క రాయి కూడా తగ్గలేదు.

"ఇదేంది?" అన్నాను.

"ఏమో, నాకెరుక లేదు. ఊకె తెరిసిన. ఉన్నది."

"ఎట్లుంటది? నువ్వే దాసినవ్. బిడ్డ ముంగట తియ్ అని చెప్పి, ఏడనో దాసుకున్నవ్."

"నేనేడ దాస్తనే? సముద్రాన్ని అంగి కీసల పెట్టుకుంటనా?"

"కీసల పట్టదు గానీ నీ కడుపుల మంచిగ పట్టింది. ఇంట్ల ఎవలకూ జాగ లేకుంట."

మా గొంతులు విని బిడ్డ మేడ మీద బట్టలు ఆరేయడం ఆపి దిగి వచ్చింది. మౌసు తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి నుదురు కొట్టుకుంది.

"అమ్మా, ఆగు. నాయిన ఏం దాయలె, తప్పు నాదే. నేను ఫైళ్ళు తీసేసిన. గని చార్టు మొదటిసారి తెరిసినప్పుడే ఈ ప్రోగ్రాం తన కోసం ఇంకో కాపీ చేసుకుంటదట, జల్దీ సూపెట్టనీకి. అది వేరే తాన ఉంటది. అందుకే జాగ కూడ సగమే ఖాళీ అయింది. దీని లోపటికి పోయి తీసేస్తేనే పోతది."

లోపల ఒక పట్టీ తెరిచి చూపించింది. తీరం తీరానికీ ఒక పేరు, పక్కన తీసేయడానికి ఒక గుర్తు. "నాయినా, నువ్వే తియ్. ఏది ఏందో నీకెరుక. మబ్బు పట్టింది, నేను బట్టలు తెస్త," అని పైకి పోయింది.

ఆయన పక్కనున్న స్టూలు నా వైపు జరిపాడు. ఆ మూడేళ్ళలో ఆ తెర ముందు నన్ను కూర్చోమనడం అదే మొదలు.

"కూసో. ఏది ముందు తియ్యాల్నో నువ్వే చెప్పు."

"అన్నిట్ల నీకు బాగా ఇష్టమైంది ఏది?"

"గిది," అని ఒక ఇరుకు దారి చూపించాడు. రెండు వైపులా కొండలు, మధ్యలో ఓడ పట్టేంత నీళ్ళు.

"అదే ముందు తియ్."

ఆయన నొక్కాడు. నిజంగా తీసేయాలా అని ప్రోగ్రాం మళ్ళీ అడిగింది. ఆయన నా ముఖం చూశాడు.

"అది రెండుపార్లు అడుగుతున్నదా? నేను గూడ రెండుపార్లు చెప్తున్న. తియ్," అన్నాను.

ఒక్కొక్కటే పోయింది. పోతున్న ప్రతిదానికీ ఆయన ఒక మాట చెప్పాడు. ఇక్కడ లంగరు వేసి వరుసలో పడి ఉన్నామని, ఇక్కడ పొగమంచులో పక్క ఓడ గంట మాత్రమే వినపడిందని. ఇవన్నీ నాకెప్పుడు చెప్పాడు? వింటున్న కొద్దీ ఇంకా మండింది. నా మొగుడు చూసినవి నాకంటే ముందు ఈ పెట్టెకు తెలుసు.

చివరికి అంకెలు, రాళ్ళు, దీపాలు అన్నీ పోయాయి. ప్రోగ్రాంకు పుట్టుకతో వచ్చిన ఒడ్డు గీతలు మాత్రం లేతగా మిగిలాయి. ఆ గీతల పక్కన అక్కడక్కడా ఎర్రటి చుక్కలు.

"ఇవి పోలేదేంది?"

"ఇవి చార్టులు గావు. నేను పెట్టుకున్న గుర్తులు. చార్టులు తీసేసినా ఇవి ఉంటయి."

"ఏం గుర్తులు?"

కళ్ళద్దాలు తీసి చొక్కాతో తుడుచుకున్నాడు. "సిగ్నల్ దొరికిన జాగలు. ఒడ్డు దగ్గరికొస్తే ఫోన్ పనిచేస్తుండె గద, ఇంటికి చేసెటోణ్ణి. వచ్చేసినంక యాదికున్నకాడికి పెట్టిన."

నేను ఒక చుక్క మీద వేలు పెట్టాను. అది ఏ ట్రిప్పులోదో, ఏ నెలలోదో ఆయన చెప్పాడు. ఆ రోజు ఏం మాట్లాడుకున్నామో నేను చెప్పాను.

"ఏం కూర అని అడిగినవ్. దోసకాయ అనేలోపలే లైను పోయింది."

"ఇది?"

"కరెంటు మీటరు గురించి ఓనరు నాతోని కొట్లాడిన దినం. ఫోన్ ఆయనకిమ్మని నువ్వు ఓడల నుంచే తిట్టినవ్. మల్ల రాలేదు ఆయన."

ఆయన నవ్వాడు. కొంచెంసేపు నా కడుపులో మంట చల్లారింది. ఆ చుక్కలన్నీ నావే కదా అనుకున్నాను. అప్పుడు ఒక దీవి మూలన ఒంటరిగా ఉన్న చుక్క మీద నా వేలు పడింది.

"గిది ఆఖరి ట్రిప్పుది. దసరా అయినంక. పొద్దుగాల," అన్నాడు.

దసరా తర్వాత మా బిడ్డకు విషజ్వరం వచ్చింది. పటాన్‌చెరులో ఆసుపత్రిలో పెట్టాను. ఆయనకు ఆ సంగతి తెలియదు. ముందురోజు లైను సరిగ్గా లేక, రేపు తెల్లారేసరికి ఒడ్డు పక్కగా పోతాం, అప్పుడు చేస్తానని మాత్రం అన్నాడు. చెప్పుకుందామని ఆసుపత్రి మెట్ల మీద ఫోన్ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. రాలేదు. బిడ్డ లేచి గంజి తాగిన తర్వాత చేశాడు, ఆ పొద్దున సిగ్నల్ దొరకలేదన్నాడు.

"ఈడ సిగ్నల్ దొరకలే అన్నవు గద నువ్వు," అన్నాను.

ఆయన చేయి మౌసు మీద ఆగిపోయింది.

"దొరికింది," అన్నాడు. "మంచిగనే దొరికింది. డ్యూటీ దిగి డెక్కు మీదికొచ్చిన. ఫోన్ చేతులనే ఉన్నది. అప్పుడే తెల్లారుతుండె. నీళ్ళు సూసుకుంట నిలవడ్డ. జెర ఆగి చేద్దాం అనుకున్న. సూసుకుంటనే ఉన్న. గంతల సిగ్నల్ పోయింది." ఆగి, "బిడ్డకు జరం అని నాకు తెల్వది గద," అన్నాడు.

అది నిజమే. నేను జ్వరం గురించి ఆలోచించడం లేదు. చేతిలోని ఫోన్‌లో నేను ఉన్నాను, ఎదురుగా ఆ సముద్రం ఉంది. ఈయన దాన్ని చూస్తూ నిలబడ్డాడు. నాకు ఏడుపు రాలేదు. నోట్లోంచి మాట వచ్చింది.

"పోకు," అన్నాను.

"ఏంది?"

"ఏజెంటుకు రానని చెప్పు. నువ్వు పోవుడు నాకిష్టం లేదు. ఎన్నడూ లేకుండె."

ఆయన కుర్చీ నా వైపు తిప్పుకున్నాడు. "గీ మాట ఇన్నేండ్లల ఒక్కపారన్న అన్నవా? అడిగినప్పుడల్ల నీ ఇష్టం అంటివి. నేను లేకుంటెనే నీకు నిమ్మలం అనుకున్న."

"నువ్వు అడిగింది పళ్ళెం దిక్కు సూసి. నా దిక్కు సూసి అడిగితే చెప్తుంటి."

ఆయన ఫోన్ తీసి అక్కడే కూర్చుని చేశాడు. "నేను రాను, అన్నా. ఇంటికాడ వద్దంటున్రు," అన్నాడు. అవతలి మనిషి బతిమాలుతున్నట్టున్నాడు. ఈయన "లేదన్నా, లేదు" అంటూనే, ఆ ఓడ ఏ దారిన పోతుంది, ఏ రేవులో ఆగుతుంది అని మెల్లగా అడిగాడు. రానన్నవాడికి దారి సంగతి దేనికి? ఆ గొంతులో ఉన్న మెత్తదనం నాతో మాట్లాడేటప్పుడు ఎన్నిసార్లు విన్నానని నేను వెతుక్కుంటూ కూర్చున్నాను.

బిడ్డ బట్టల మోపుతో దిగి వచ్చింది. "ఐపోయిందా?"

"సముద్రం పోయింది. చుక్కలున్నయి," అన్నాడు.

"అవి జాగ పట్టయి, ఉండనీయ్."

ఆయన ఆ ఒంటరి చుక్కను చూపించి నన్ను అడిగాడు, "గిదొక్కటి తీసేయాల్నా?"

"ఉండనీ. ఏ జాగ గురించి అబద్ధం చెప్పినవో ఎరుకుండాలె."

తండ్రీ బిడ్డా ఇద్దరూ నవ్వారు. నేను నవ్వలేదు.

ఇప్పుడు ఆ జాగాలో బిడ్డ గీసే మిషను పార్టులున్నాయి. ఆయనకు ఆ పిచ్చి వదలలేదు. కొన్ని ఆదివారాలు ఏదో ఒక్క రేవు చార్టు దింపి, చూసుకుని, మళ్ళీ లోపలి నుంచి కూడా తీసేస్తాడు, తిన్న పళ్ళెం కడిగి బోర్లించినట్టు. నేను స్టూలు వేసుకుని పక్కనే కూర్చుంటాను. ఇదేంది, అదేంది అని అడుగుతాను. చెబుతాడు. చెబుతూ చెబుతూ గొంతు మెత్తబడితే మాత్రం నాకు ఇప్పటికీ సయించదు. "సాలు, లే, చాయ్ తాగుదువు," అంటాను. లేస్తాడు.

ఓపికగా ఇంతసేపు విన్నారు. సందెవేళకు మీ ఇంటి మనుషులంతా మీ గడప లోపలే ఉండాలి. దూరాన ఉన్నవాళ్ళ మాట రోజూ మీ చెవిన పడాలి. మీ గిన్నెలో అన్నం వేడిగా, తినేవాళ్ళు ఆకలిగా, ఇల్లు నిండుగా ఉండాలి.