మేడమ్ గారి సోమవారం మెయిల్

శనివారం పొద్దున్న మా అటెండరు ఫోన్ చేసి, "మేడమ్ గారు పోయేరండీ" అన్నాడు. నాకు అర్థం కాలేదు. ఎక్కడికి పోయారని అడిగాను. అవతల ఏడుపు వినపడ్డాక గానీ ఆ మాట తలకెక్కలేదు. తెల్లవారుతుండగా గుండెల్లో నొప్పన్నారట. అమలాపురం ఆసుపత్రికి తీసుకెళ్తుంటే దారిలోనే ప్రాణం పోయిందట. శుక్రవారం సాయంత్రం నాతో నవ్వుతూ మాట్లాడి ఇంటికెళ్లిన మనిషి!

ఆదివారం చర్చి వెనక సమాధి చేశారు. సోమవారం ఆఫీసులో ఎవరి సీట్లలో వాళ్లం తలొంచుకుని కూర్చున్నాం. పదింటికి అందరి ఫోన్లూ ఒక్కసారే మోగాయి. మెయిల్. పంపినవారి చోట ఆవిడ పేరు. ఎదురుగా ఉన్న టైపిస్టు ఫోను బల్లమీద పడేసి లేచి నిలబడింది.

"ప్రాక్టికల్ పరీక్షల జాబితాలు బుధవారంలోగా ఇవ్వండి. ఫైలుకు పేరు సరిగ్గా పెట్టండి." అంతే ఉంది అందులో. శుక్రవారమే రాసి, సోమవారం పదింటికి వెళ్లేలా పెట్టి ఉంచారు. సెలవుల్లో ఎవరి ఫోనూ మోగించకూడదన్నది ఆవిడ పట్టుదల. "ఆదివారం పూట ఆఫీసు గుర్తొస్తే కూరలో ఉప్పెయ్యడం మర్చిపోతామండీ" అనేవారు. ఆ సంగతి తెలిసి కూడా మెయిల్ పైన ఆవిడ పేరు మళ్లీ మళ్లీ చూశాను.

ఆవిడ రాజోలు దగ్గర మా నర్సింగ్ కాలేజీ ఆఫీసు సూపరింటెండెంట్. మీలో ఆఫీసుల్లో పనిచేసేవాళ్లుంటే నా అప్పటి కంప్యూటరు ఎలా ఉండేదో చెప్పక్కర్లేదు. తెరమీద వేలు పెట్టే జాగా లేదు. ఎటు చూసినా ఫైళ్లే: ఫైనల్, కొత్త ఫైనల్, అసలు ఫైనల్, ఇదే అసలు ఫైనల్. ఆవిడ మా ఆఫీసులో చేరిన రోజునే నా పక్కకి కుర్చీ లాక్కుని కాసేపు చూశారు.

"వీటిలో ఏది అసలైందండీ?"

"నాకు తెలుస్తుందండీ" అన్నాను.

"ఆయ్. మీకు జ్వరమొచ్చి రాని రోజునో?"

కోప్పడలేదు. ఆ వారమంతా పక్కనే కూర్చుని సర్దించారు. ఏడాదికో ఫోల్డరు, అందులో పనికో ఫోల్డరు, ఫైలు పేరుకు ముందు తేదీ. పాతవి చెరిపేయడానికి నేను జంకుతుంటే, "చెరపొద్దు లెండి, పక్క గదిలోకి పంపుదాం" అని వాటికి విడిగా ఓ ఫోల్డరు పెట్టించారు. ఒక్కో విద్యార్థికి ఒక్కో ఉత్తరం టైపు చేసే నాకు, ఉత్తరం ఒక్కటే రాసి పేర్లూ చిరునామాలూ వాటంతటవే పడేలా చేయడం నేర్పారు. ప్రింటరు వరసగా కాగితాలు వదులుతుంటే చిన్నపిల్లలా వంగి చూసేవారు. నేను ఇప్పుడు పొద్దుండగానే ఇంటికి చేరుతున్నానంటే ఆవిడ చలవే.

కాలేజీ మెయిల్ పెట్టె కూడా ఆవిడే దులిపారు. చదవని ఉత్తరాలు గుట్టలుగా ఉండేవి. ఒకరోజు ప్రకటనలు చెరిపేస్తూ చెరిపేస్తూ ఒకచోట ఆగిపోయారు. కువైట్‌లో ఒక ఆసుపత్రి మా దగ్గర చదివిన ఒకమ్మాయి సర్టిఫికెట్లు నిజమైనవేనా అని అడిగింది. గడువు ఆ రోజుతో సరి. అమ్మాయిది ఉప్పలగుప్తం వైపు. ఆమె తండ్రి అంతకుముందే వచ్చి అడిగితే, అప్పటి సూపరింటెండెంటు ఏమీ రాలేదని చెప్పి పంపేశారు.

మేడమ్ గారు వెంటనే లేచారు. రికార్డులు తీయించి, ప్రిన్సిపాల్ గారిని పాఠం మధ్యలోంచి పిలిచి సంతకం పెట్టించి, స్కాన్ చేసి పంపారు. అందిందని జవాబొచ్చేదాకా మంచినీళ్లు కూడా ముట్టలేదు.

ప్రయాణానికి ముందు ఆ అమ్మాయి తండ్రితో వచ్చింది. ఆయన దండం పెట్టబోతే మేడమ్ గారు గబుక్కున లేచారు.

"నాకెందుకండీ దండం? ఉత్తరం మా దగ్గరే వుంది, మేం చూసుకోలేదు. మీరే మమ్మల్ని క్షమించాలి."

ఒక ఆఫీసు తరఫున అలా క్షమాపణ అడిగిన మనిషిని నేను అంతకుముందు చూడలేదు. వాళ్లు వెళ్లాక నాతో అన్నారు: "ప్రతి మెయిల్ వెనకాలా ఎవరో ఒకరు గుమ్మం వంక చూస్తా కూర్చుంటారండీ. మనకే కనపడరు."

ఆ సోమవారం మధ్యాహ్నం ఆవిడ భర్త వచ్చారు. పి.గన్నవరంలో స్కూలు మాస్టారు.

"మా ఆవిడ కళ్లజోడు ఇక్కడేమన్నా వుండిపోయిందాండీ?"

సొరుగులోంచి తీసి ఇచ్చాను. జేబులో పెట్టుకున్నారు గానీ కదల్లేదు.

"ఎప్పుడూ లోపలికి రాలేదండీ నేను. ఎక్కడ కూర్చునేది?"

సీటు చూపించాను.

"కాసేపు కూర్చోవచ్చాండీ?"

"ఆయ్, కూర్చోండి మాస్టారూ."

జాబితాల కోసం ఆ కంప్యూటరు కాసేపటి క్రితమే నేను తెరిచాను. తెరమీద ఒక మూలన రెండే ఫోల్డర్లు, వెనక గోదావరి, దాని మీదుగా కాలవను దాటించే అక్విడెక్టు కమానులు. "ఈ ఫొటో నేనే తీసేనండీ" అన్నారాయన. కొంతసేపటికి తెర దానంతటదే నల్లబడింది. ఆయన చెయ్యి చాచి మౌసు కొంచెం కదిపారు. మళ్లీ నది కనపడింది. చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. అది మళ్లీ నల్లబడింది. మళ్లీ కదిపారు.