తమ్ముడి గిటార్‌ను బీరువాలో పెట్టిన ఏడాది

మా తమ్ముడు గిటార్ వాయించేవాడంటే ఇప్పటికీ కొందరు "ఓహో, సినిమా పాటలా?" అంటారు. కాదు. తొంభైలలో చిక్కడపల్లి సందులో ఉంటూ, భుజాల దాకా జుట్టు పెంచి, ముగ్గురు దోస్తులతో ఇంగ్లీషు రాక్ బ్యాండ్ పెట్టిన మనిషి వాడు. అశోక్‌నగర్‌లో డ్రమ్స్ వాయించే దోస్తు ఇంటి వెనక రేకుల షెడ్డులో ప్రాక్టీసు. కాలేజీ ఫంక్షన్లలో వాళ్ళు స్టేజీ ఎక్కితే పిల్లలు కుర్చీలెక్కేవాళ్ళు. మా సందులో మాత్రం అందరూ కిటికీలు మూసుకునేవాళ్ళు.

మూయనిది మా అమ్మ ఒక్కతే. వాడు మేడ మీది గదిలో వాయిస్తుంటే, కింద పచ్చడికి మిక్సీ వేస్తూ అరిచేది: "జర గట్టిగ కొట్టు బిడ్డా, మిక్సీ సప్పుడుల ఇనొస్తలేదు!" ఆమెకు ఒక్క ఇంగ్లీషు ముక్క రాదు. వాడు ఎక్కడ తప్పాడో మాత్రం చెప్పేది.

నేను నారాయణగూడలో ఒక జూనియర్ కాలేజీలో సివిక్స్ చెప్పేదాన్ని. నాకు పెళ్ళి కాలేదు, నాతో వాదించి ఎవరూ గెలవలేదు. ఈ రెంటికీ సంబంధం ఉందని మా మేనత్త అభిప్రాయం. నాన్న ఎప్పుడో పోయాడు, ఇంటికి పెద్దను నేనే.

అమ్మ గుండెపోటుతో పోయింది. తమ్ముడే తలకొరివి పెట్టాడు. పదమూడో రోజు తన భోజనం కాగానే మేడెక్కి గిటార్ తీశాడు. రెండు తీగలు మోగాయో లేదో, మేనత్త విస్తరి ముందు నుంచే లేచింది.

"తలకొరివి పెట్టినోడు ఏడాదిదాంక పాట ముట్టద్దు. ఆడపిల్లవు, నీకన్న ఎరుక లేదా?"

నాకా పట్టింపుల మీద ఏనాడూ గౌరవం లేదు. కాలేజీలో వాటి మీద గంటసేపు దుమ్మెత్తిపోసేదాన్ని. కానీ ఆ రోజు మేనత్త మాట నా చేతికి కర్రలా దొరికింది. వాడికి ఇరవై ఆరేళ్ళు, ఉద్యోగం లేదు. ఏడాది గిటార్ ఆగితే గ్రూప్ టూ పరీక్ష రాస్తాడు, జుట్టు ఎలాగూ పోయింది, మనిషి దారిన పడతాడు అనుకున్నాను. గిటార్‌ను అమ్మ బీరువాలో పెట్టి తాళం వేశాను.

"అక్కా, వాయించకుంటే నాకు ఊపిరాడది," అన్నాడు.

"ఏడాదే గదరా. అమ్మకన్న ఎక్కువనా నీకు ఆ చెక్క డబ్బా?"

మెట్లెక్కి గదిలోకి పోయాడు. గెలిచాననుకున్నాను.

పొద్దున్నే పుస్తకం పట్టుకుని చిక్కడపల్లి లైబ్రరీకి బయల్దేరేవాడు. డ్రమ్స్ దోస్తు రెండుసార్లు వస్తే గేటు దగ్గరే జవాబు చెప్పి పంపాను. మూడో నెలలో బ్యాండులోకి వేరే వాణ్ని తీసుకున్నారు. వీడు తిండి తగ్గించాడు, పగలంతా తూగేవాడు, చేతులు ఊరికే గోక్కునేవాడు. చదువు బరువు, అమ్మ మీద బెంగ అనుకున్నాను. రెండో మాట నిజమే.

ఏడో నెలలో తలనొప్పి మాత్రల కోసం హైదర్‌గూడలో మెడికల్ షాపుకెళ్ళాను.

"మేడం, మీ దగ్గు ఇంక తగ్గలేదా?" అన్నాడు షాపతను. "గన్ని సీసాలు తాగుతున్నరు, జర పెద్ద డాక్టర్‌కు సూపెట్టుకోండ్రి."

"నాకు దగ్గేంది?"

"మీ తమ్ముడే చెప్పిండు గద. క్లాసులు చెప్పి చెప్పి గొంతు పోయిందని. మీ గొంతు ఎరుకే గదా మేడం, నమ్మినం."

హిమాయత్‌నగర్‌లో అడిగాను. నారాయణగూడలో రెండు షాపుల్లో అడిగాను. అన్నిచోట్లా నాకు దగ్గే. ఆ మందులో మత్తు ఉంటుందని నాలుగో షాపతను చెబితే తెలిసింది.

మేడ మీద వాడి మంచం కింద ఖాళీ సీసాలు బోర్లించి పేర్చి ఉన్నాయి. వాడు గోడకానుకుని కూర్చున్నాడు. తిట్టడానికే పోయినదాన్ని, కిందికి పరిగెత్తి బీరువా తెరిచి, గిటార్ తెచ్చి ఒళ్ళో పెట్టాను.

"వాయించురా. గల్లీ మొత్తం తిట్టనీ. వాయించు."

వేళ్ళు తీగల మీద పెట్టాడు. తీశాడు. రెండోసారి పెట్టాడు. తీసేశాడు.

"ఏడాది కాలేదు గదక్కా."

"అదంత వట్టిదిరా! నేను ఎన్నడన్న నమ్మిన్నా గియ్యన్ని?"

నా మొహంలోకి చూశాడు. "నమ్మకుండనే ఆపినవా?"

గిటార్‌ను తెచ్చి మెట్ల మీద పెట్టి, లోపలికెళ్ళి గొళ్ళెం వేసుకున్నాడు. ఎంతమందినో వాదించి కూర్చోబెట్టిన దాన్ని, అశోక్‌నగర్ దాకా నడిచిపోయి, నేను గేటు నుంచి వెళ్ళగొట్టిన డ్రమ్స్ దోస్తునే బతిమాలి తెచ్చాను. అతను మధ్యాహ్నమంతా తలుపుకు చెవి ఆనించి పాత ముచ్చట్లు చెప్పాడు. లోపల్నుంచి ఒక్క మాట మాత్రం వచ్చింది: "పోరా, నీకు ప్రాక్టీసుంది."

మూడో రోజు తలుపు పగలగొట్టాం. ఆసుపత్రిలో మాన్పించారు. మళ్ళీ మొదలుపెట్టాడు. మళ్ళీ మాన్పించారు. దగ్గు మందు దొరక్కపోతే మత్తు సూదులు దొరికాయి. దోస్తులు రావడం మానేశారు, వాడు మెట్లు దిగడం మానేశాడు. మూడేళ్ళు అలా గడిచాయి.

సూదులతో ఒళ్ళు చెడి వాడు ఆసుపత్రిలో గడిపిన చివరి వారం, వార్డు తుడిచే ఆమె వెళ్ళాక, మంచం పక్కన స్టూలు మీద కూర్చుని చెప్పాను: "అవునురా. నమ్మకుండనే ఆపిన."

కళ్ళు తెరవలేదు. "ఎరుకనే అక్కా," అన్నాడు. "జర నీళ్ళియ్యి."

తల ఎత్తి పట్టుకుని తాగించాను. సగం మెడ మీదికి కారాయి. కొంగుతో తుడుస్తుంటే, ఇంకొంచెం కావాలన్నట్టు నోరు తెరిచాడు.