కొండల్లో నడక, మధ్యలో పెరుగు

ఆ రోజుల్లో అమెరికాలో, వర్జీనియా రాష్ట్రంలోని హెర్న్‌డన్‌లో మా అపార్ట్‌మెంట్ తలుపుకి గడియ ఉండేదన్న మాటేగానీ, అది వేసిన గుర్తు నాకు లేదు. ఎనభైల మొదట్లో సంగతి. ఇండియా నుంచి కొత్తగా దిగినవాళ్ళు, ఉద్యోగం వెతుక్కుంటున్నవాళ్ళు, ఉద్యోగం దొరికినా మా ఆవిడ పెట్టే చారు వదులుకోలేనివాళ్ళు, ఎవరో ఒకరు హాల్లో దుప్పటి పరుచుకుని ఉండేవారు. మాకు పెళ్ళయి ఏడాది కాలేదు. పెళ్ళిచూపుల్లో మాట్లాడుకున్న నాలుగు ముక్కలకి అమెరికా వచ్చాక ఇంకో నాలుగు కలిశాయేమో, అంతే. హాల్లో పడుకున్న పెద్దమనిషికి కాఫీలో పంచదార ఎంత వెయ్యాలో నాకు తెలుసుగానీ, మా ఆవిడకి ఏం ఇష్టమో తెలీదు. తెలుసుకోవాలని ఎంత ఆశగా ఉండేదో! ఆఫీసులో కూర్చుని ఆవిడతో మాట్లాడాల్సిన కబుర్లు పోగుచేసుకునేవాణ్ణి. ఇంటికి రాగానే ఎవరో ఒకరు వీసా సంగతి ఎత్తేవారు.

మా ఆఫీసులో పక్క సీటు అమెరికన్ ఒకాయన సోమవారం పూట ఎండకి కమిలిన మొహంతో వచ్చి, షెనండోవా కొండల దగ్గర పల్లెలో కాటేజ్ తీసుకుని భార్యతో గడిపిన సెలవు గురించి చెప్పేవాడు. "రోజంతా ఏం చేశారు?" అనడిగితే "నడిచాం, మాట్లాడుకున్నాం" అనేవాడు. ఆ రెండో మాట వినగానే నా గుండె కలుక్కుమనేది. ఒకరోజు తెగించి, వచ్చే లాంగ్ వీకెండ్‌కి అదే కాటేజ్ బుక్ చేసేశాను. ఆ సాయంత్రం బెడ్‌రూమ్‌లో మంచం మీద కాలిబాటల మ్యాప్ పరిచి మా ఆవిణ్ణి పిలిచాను.

"కొండల్లో నడుద్దాం. మనిద్దరమే," అన్నాను గొంతు తగ్గించి.

"నడిచి ఎక్కడికి వెళ్తామండీ?"

"ఎక్కడికీ కాదు. ఊరికే."

"అలాగే," అని పొయ్యి మీద పప్పు చూడ్డానికి వెళ్ళిపోయింది. ఆ 'అలాగే'లో సంతోషం ఉందో, మొగుడి పిచ్చికి సర్దుకుపోవడం ఉందో నాకు అంతుపట్టలేదు. అడుగుదామంటే హాల్లో జనం.

ఇంతలో మాకు దూరపు చుట్టం, మాకంటే ముందొచ్చి స్థిరపడ్డ బావగారి ఇంట్లో భోజనాలు తగిలాయి. లాంగ్ వీకెండ్‌కి ఏం చేస్తున్నావోయ్ అన్నారు. కాటేజ్ సంగతి చెప్పి, నోటికున్న అలవాటు కొద్దీ, "మీరూ రాకూడదూ!" అన్నాను. (తెలుగువాళ్ళలో ఈ మాట అనకపోతే తప్పు. "అయ్యో, ఇంకోసారి చూద్దాంలే" అనడం అవతలివాళ్ళ మర్యాద.) బావగారు మాత్రం గరిట కింద పెట్టి, "వై నాట్! పద, అందరం పోదాం!" అన్నారు. అక్కడున్న నాలుగు కుటుంబాలూ ఆ 'అందరం'లోకి వచ్చేశాయి. ఆ రాత్రి మొదలు మా ఫోన్ మోగుతూనే ఉంది. ప్రెషర్ కుక్కర్ ఎవరు తెస్తారు, పులిహోర ఎవరు కలుపుతారు, పేకముక్కలు ఎన్ని కట్టలు కావాలి! "మరి నడక?" అని నేను గుర్తుచేస్తే, "భోజనాలయ్యాక చూద్దాంలేవోయ్," అనేవారు బావగారు.

కాటేజ్‌లో భోజనాలు ఎప్పటికీ అవ్వలేదు. టిఫిన్ పళ్ళేలు కడిగేసరికి వంట, వండింది తినేసరికి టీ. ఆడవాళ్ళు వంటింట్లో, మగవాళ్ళు వరండాలో పేకాటలో. నేను నా కొత్త బూట్లు తొడుక్కుని కిటికీలోంచి కొండల వంక చూస్తూ కూర్చున్నాను. మా ఆవిడ అందరితో నవ్వుతూ ఉల్లిపాయలు తరుగుతోంది. ఈవిడకి ఇదే హాయిగా ఉందేమో అనిపించి దిగులేసింది.

రెండోరోజు పొద్దున ఉపద్రవం వచ్చింది. కార్ డిక్కీలో మరిచిపోయిన పెరుగు గిన్నె ఎండకి పులిసి నురగలు కక్కింది. పెరుగన్నం లేకపోతే బావగారికి భోజనం చేసినట్టే ఉండదు. కొట్టుకి వెళ్దామంటే సన్నటి కంకరదారిలో కార్లన్నీ ఒకదాని వెనక ఒకటి ఇరుక్కుని ఉన్నాయి. అన్నిటికీ వెనకున్నది బావగారి కారు. దాని తాళాలు దాని లోపలే భద్రంగా ఉన్నాయి.

"నేను నడిచి వెళ్ళి తెస్తాను," అన్నాను.

"అంత దూరం నడిచా!" అని వరండా అంతా నిర్ఘాంతపోయింది. నడక సెలవుకి వచ్చినవాళ్ళు మరి.

"నేనూ వెళ్తానండీ, రెండు డబ్బాలు ఒక్కరే మొయ్యలేరు," అంటూ మా ఆవిడ చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చింది.

ఎదురుచూసిన నడక వచ్చేసరికి పోగుచేసుకున్న కబుర్లలో ఒక్కటీ గుర్తు రాలేదు. ఆవిడ చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని, ఆవులు కనిపించిన చోటల్లా ఆగుతూ నడిచింది. కొట్టులో స్ట్రాబెర్రీ పెరుగు తప్ప మామూలుది లేదు. మజ్జిగ డబ్బాలు తీసుకున్నాం. కొట్టు ముసలావిడ మమ్మల్ని చూసి జాలిపడి, "ఈ ఎండలో ఎందుకు, నా ట్రక్‌లో దింపేస్తాను," అంది. మొహమాటానికి నేను సరేననబోతున్నాను.

"నో, థాంక్యూ. వియ్ వాక్," అంది మా ఆవిడ.

అమెరికా వచ్చాక ఆవిడ సాయానికి నా వంక చూడకుండా మాట్లాడిన మొదటి ఇంగ్లీషు అదే. కొట్టు దాటాక నెమ్మదిగా అంది: "మీరు మ్యాప్ పరిచిన రోజు నుంచీ ఎదురుచూస్తున్నానండీ. మీరేమో ఊరందర్నీ పిలిచారు."

"నేను మాటవరసకి అన్నానంతే!"

"నన్నూ మాటవరసకే పిలిచారేమో అనుకున్నా."

ఎండలో ఆ రోడ్డు మీద నిలబడిపోయాను. నవ్వొచ్చింది, కళ్ళు చెమర్చాయి కూడా. వెళ్ళేటప్పటి దారి వదిలేసి, తోటల మీదుగా చుట్టుతిరిగి ఉన్న మట్టిదారి పట్టాం. అప్పుడు మొదలైన మాటలు ఆగలేదు. మేం చేరేసరికి మజ్జిగ వేడెక్కిపోయింది, బావగారు పులిహోరతోనే సరిపెట్టుకుని నిద్రపోయారు.

ఇప్పుడు ఇద్దరం రిటైరయ్యాం. హాల్లో ఎవరూ లేరు, రోజంతా మాదే. పొద్దున్నే వీధుల్లో నడిచి వస్తాం. ఇల్లు కనిపించే మలుపు దగ్గర నా అడుగులు వాటంతటవే నెమ్మదిస్తాయి. "మోకాళ్ళు నొప్పా?" అంటుంది ఆవిడ. నొప్పేం లేదు, అయినా అవునంటాను.