చెరుకు మడిలో పచ్చరాయి

చెరుకు రసం బండి వాసన తగిలితే చాలు, బోధన్‌లోని మా మడి గుర్తొస్తుంది. చిన్నప్పుడు మేనమామ వెంట ఇందల్వాయి గుట్టలెక్కితే, తెల్లరాతి చారలో వేలంత పచ్చరాయి దొరికింది. నిలువునా సన్నని గీతలతో అచ్చం లేత చెరుకు ముక్కే. నాట్లప్పుడు చెరుకు ముక్కల పక్కనే దాన్నీ పాతి, రోజూ చెంబుతో నీళ్లు పోశాను.

"రాయి యాడన్న మొలుస్తదా బిడ్డా?" బాపు నవ్వాడు.

"పొయ్యనియ్ కొడుకా. దానికీ ఒక కాలముంటది," అంది నాయనమ్మ.

చెరుకు నా ఎత్తు దాటింది. రాయి మాత్రం మొలవలేదు.

అది టూర్మలిన్ అనే రత్నపు రాయి అని పెద్దయ్యాక చదివాను. భూమి లోపల కరిగిన రాయి నిదానంగా చల్లారేటప్పుడు, అందులో ఈ రాయి చెరుకులాగే పొడవుగా పెరుగుతుందట. నాయనమ్మ చెప్పిన ఆ కాలం మనిషి పుట్టకముందే గడిచిపోయింది. నేను రోజూ నీళ్లు పోసింది, ఎప్పుడో పండి చేతికొచ్చిన పంటకు.