గోలు ముందర గుమ్మడికాయ

అమావాస్య మరునాడు హోసూరు పక్క మూకండపల్లిలో మారియప్ప పంక్చర్ అంగడికి పోతే మీకు నిలబడడానికి కూడా చోటు దొరకదు. ముందురోజు సాయంత్రం ప్రతి ఫ్యాక్టరీ గేటు ముందరా దిష్టి గుమ్మడికాయ పగలగొడతారు. గుజ్జు, గింజలు, కుంకుమ నీళ్లు రోడ్డంతా పరుచుకుంటాయి. షిఫ్టు వదిలి ఇళ్లకు పోయే కుర్రాళ్లు బండ్లతో సహా దాని మీద జారిపడతారు. తెల్లారేసరికి హ్యాండిల్ వంగినవాడూ ఫుట్‌రెస్ట్ విరిగినవాడూ మారియప్ప ముందు వరస కడతారు. వంగిన హ్యాండిల్‌ను మోకాళ్ల మధ్య బిగించి సరిచేయడం అందరూ చేసే పద్ధతి. మారియప్ప ఎడమ మోకాలు అందుకు పనికిరాదు. అందుకని గోడకు ఆనించి ఒట్టి చేతులతో లాగుతాడు. ఆ చేతులు చూసినవాళ్లు ఎంత పెద్దవో అనుకుంటారు. అవి ఒకప్పుడు దేశంలోని పెద్ద ఫుట్‌బాల్ లీగ్‌లో గోలు కాచిన చేతులని వాళ్లలో చాలామందికి తెలియదు.

ఆయన గురించి రాయమని నన్నెవరూ అడగలేదు. ఆయనకు జరిగింది నాతోనే పోకూడదని రాస్తున్నాను. ఆయన గోలు కాచిన జట్టు ఒక కంపెనీది. నేను పనిచేసిందీ ఆ కంపెనీలోనే, మిల్లింగ్ సెక్షన్‌లో. కంపెనీ పేరు చెప్పను. చెబితే నోరు కడుక్కోవలసి వస్తుంది.

మారియప్పది బర్గూరు పక్క పల్లె. తల్లి అంగాళమ్మ రాళ్ల క్వారీలో కూలి. లారీకి రాళ్లెత్తేటప్పుడు కూలీలు వరసగా నిలబడి రాయిని చేతి నుంచి చేతికి అందిస్తారు. అందుకునేవాడు వెనక్కి అడుగు వేశాడంటే వాడి వెనకున్నవాడి కాలు నలుగుతుంది. కాబట్టి ఎంత బరువు రాయి వచ్చినా కదలకూడదు. మారియప్ప ఆ వరసలో పెరిగాడు. హాస్టల్లో ఉండి చదివేటప్పుడు అక్కడి మాస్టారు అతన్ని గోల్‌లో నిలబెట్టారు. రాయికి కదలనివాడు తోలుబంతికి కదులుతాడా. మా కంపెనీ జట్టులోకి రావడానికి అతనికి అంతకు మించిన సిఫార్సు లేదు.

తొంభైల చివర్లో మా ముతలాలికి, అంటే కంపెనీ యజమానికి, ఫుట్‌బాల్ పిచ్చి పట్టింది. తక్కినవాళ్లు గుర్రాలు కొన్నట్టు ఆయన ఆటగాళ్లను తెచ్చాడు. ఫ్యాక్టరీ వెనక గ్రౌండ్‌కు గ్యాలరీ కట్టించాడు. రాష్ట్రంలో గెలుచుకుంటూ పోయిన జట్టు ఒక ఏడాది జాతీయ లీగ్‌లో అడుగుపెట్టింది. కలకత్తా, గోవా, కేరళ జట్లు హోసూరు వచ్చి ఆడతాయంటే మేం మొదట నమ్మలేదు. వచ్చాయి. మా గ్రౌండ్‌లో మా కళ్ల ముందే మమ్మల్ని చావగొట్టి పోయాయి.

జట్టు వ్యవహారమంతా రామచంద్రప్ప చేతిలో ఉండేది. పర్సనెల్ మేనేజరు, స్పోర్ట్స్ సెక్రెటరీ కూడా ఆయనే. బంతికి గాలి ఎక్కడ కొడతారో తెలియదు గానీ జట్టు ఎందుకు ఓడిందో ప్రతిసారీ ఆయనకు తెలిసేది. ఒకసారి బస్సు బయల్దేరిన వేళ మంచిది కాదు. ఇంకోసారి జెర్సీ రంగు పడలేదు. ఆటగాళ్లు రెండు రాత్రులు రైల్లో నిలబడి పోయి ఆడితే ఆయన విమానంలో దిగి మైకులో మాట్లాడేవాడు. గెలిస్తే దండ ఆయన మెడలో పడేది, ఓడితే తిట్లు మారియప్ప మీద పడేవి. నిజానికి ఆ సీజన్‌లో జట్టు పరువు కాస్తయినా నిలిచిందంటే అది మారియప్ప వల్లనే.

మారియప్ప అప్పటికి కాంట్రాక్టు మీద ఉన్నాడు. జట్టు లీగ్‌లో నిలబడితే ఆటగాళ్లందరికీ పర్మనెంట్ ఆర్డర్ ఇస్తామని కంపెనీ మాటిచ్చింది. కింద మిగిలిన రెండు జట్లు లీగ్ నుంచి దిగిపోవాలి. అంగాళమ్మకు అప్పటికే రాతి దుమ్ముతో దగ్గు పట్టుకుంది. రాత్రంతా కూర్చునే నిద్రపోయేదట. క్యాంటీన్‌లో మారియప్ప నాతో ఆ ఒక్క సంగతే మాట్లాడేవాడు.

"పర్మనెంట్ అయితే చాలన్నా. మర్నాడే పోయి అమ్మని క్వారీ నుంచి పిలుచుకొని వచ్చేస్తా."

చివరి ఆట మా గ్రౌండ్‌లోనే. డ్రా అయినా చాలు, నిలబడిపోతాం. ఆ రోజు అమావాస్య పడింది. మామూలుగా గేటు దగ్గర కొట్టే గుమ్మడికాయను ఈసారి గోలు దగ్గర కొట్టాలని రామచంద్రప్పకు బుద్ధి పుట్టింది. రోడ్డు వైపు గోల్‌లోనే మనకు ఎక్కువ గోల్సు పడుతున్నాయి, దిష్టి అక్కడే ఉంది అన్నాడు. మా వైపు పోచంపల్లి సంత నుంచి పెద్ద బూడిద గుమ్మడికాయ తెప్పించాడు. సెక్యూరిటీ ఆంజప్ప దానికి బొక్క పెట్టి కుంకుమ నింపి, పైన కర్పూరం వెలిగించి, జట్టు చుట్టూ తిప్పి తెచ్చి గోల్‌పోస్టుల మధ్య నేలకేసి కొట్టాడు. గ్యాలరీలో జనం చప్పట్లు కొట్టారు. నేను ఆ గోలు వెనకే కూర్చుని ఉన్నాను. ఎర్రటి నీళ్లు గడ్డిలోకి ఇంకడం చూశాను.

రెఫరీ విసుక్కుని పెద్ద ముక్కలు తీయించాడు. గుజ్జూ గింజలూ గడ్డిలోనే ఉండిపోయాయి. మొదటి సగం ఆ గోలు అవతలి జట్టుది. వాళ్ల కీపర్ బయటి ఊరివాడు, అతనికి ఈ దిష్టి గొడవ పట్టదు. బూటుతో చేతనైనంత గీకి పక్కకు తోశాడు. సగం ఆటకు ఎవరూ గోలు వేయలేదు. రెండో సగానికి ఆ గోల్‌లోకి మారియప్ప రావాలి.

వచ్చే ముందు అతను రామచంద్రప్ప దగ్గరికి పోయాడు. నేను కంచెకు ఇవతలే ఉన్నాను, అంతా విన్నాను.

"సార్, ఆడ గుజ్జు ఇంకా అట్లే ఉండాది. రవ్వంత మన్ను పోయించండి."

"దిష్టి తీసిన కాయప్పా అది. ఆట అయ్యేదంక ఎవురూ తాకకూడదు. నువ్వు కూడా తొక్కొద్దు, సుట్టు తిరుక్కొని ఆడు."

డిగ్రీ చదివిన మనిషి ఒక గోల్‌కీపర్‌ను గోలు ముందర చుట్టు తిరిగి ఆడమన్నాడు. ఇంతకన్నా రోత మాట నా సర్వీసులో నేను వినలేదు. ఇంకా రోత ఏమిటంటే మారియప్ప సరేనన్నాడు. అతనూ ఇక్కడివాడే కదా. దిష్టి తీసి పారేసింది తొక్కకూడదని చిన్నప్పుడే తల్లి చెప్పి ఉంటుంది. రోడ్డు మీద నిమ్మకాయ కనబడినా సైకిల్ దిగి పక్కనుంచి నడిపించుకుపోయే మనుషులం మనం. ఇంటి దగ్గర అంగాళమ్మ ఇచ్చిన గుడి కుంకుమ పొట్లాన్ని ఎప్పటిలాగే నెట్‌కు కట్టుకుని, ఆ మరక పడిన చోటు వదిలేసి, పక్కగా నిలబడ్డాడు.

ఆ సగమంతా మా వాళ్లు వెనక్కి వెనక్కి జరుగుతూ వచ్చారు. మారియప్ప ఎగిరి పట్టాడు, గుద్దాడు, కాళ్ల మీద పడి పట్టాడు. ఒక్కసారి కూడా ఆ చోట అడుగు వేయలేదు. ఆట అయిపోవస్తోంది. అవతలివాళ్ల కుర్రాడొకడు దూరం నుంచి ఒక బంతి కొట్టాడు. అందులో బలమేమీ లేదు, చంటిపిల్లాడైనా వంగి ఎత్తుకునే బంతి. కానీ అది సరిగ్గా గుమ్మడికాయ పగిలిన చోటికి దొర్లుతూ వచ్చింది. మారియప్ప ఒక్క క్షణం ఆగాడు. తర్వాత అన్నీ మరిచి దాని మీదికి ఉరికాడు. ఎడమ కాలు గుజ్జు మీద పడి చీలినట్టు పక్కకు పోయింది. బంతి అతని వేళ్ల కిందుగా పోయి నెట్‌కు తగిలింది.

 మారియప్ప మోకాలు పట్టుకుని అరుస్తున్నాడు. తెల్ల నిక్కరంతా ఎర్రగా ఉంది. రక్తమనుకుని మేమంతా కంచె దూకాం. మా కన్నా ముందు రామచంద్రప్ప వచ్చాడు. వంగి ఆ ఎరుపును వేలితో తుడిచి, ఆ వేలు పైకెత్తి అందరికీ చూపించాడు.

"ఇది రత్తం కాదు, కుంకుమ. నాటకం ఆడతా ఉండాడు ఈడు."

నెట్‌కు కట్టిన పొట్లం విప్పి, ఇదే పూసుకున్నాడని సాక్ష్యం చూపించాడు కూడా. తను తెచ్చిన గుమ్మడికాయలోని కుంకుమ ఆ గడ్డిలో ఇంకా తడిగానే ఉంది, దాని మీదే నిలబడి ఆ మాట అన్నాడు. వెంటనే మారియప్ప డబ్బు తీసుకుని ఆట అమ్మేశాడన్న మాట గ్యాలరీలో నిప్పులా పాకింది. కంపెనీ కారు రాలేదు. మేమే టెంపోలో ఎక్కించి తీసుకుపోయాం. మోకాలి లోపల లిగమెంట్ తెగిందన్నాడు డాక్టరు. నాటకమాడేవాడికి లిగమెంట్ తెగుతుందా అని నేను క్యాంటీన్‌లో అడిగాను. యూనియన్ మీటింగ్‌లో అడిగాను. గుమ్మడికాయ మీద జారాడని చెప్పాను. నా వంక చూసి అందరూ చెంపలు వేసుకున్నారు. దిష్టి తీసిన కాయ వల్ల చెడు జరిగిందని అనకూడదట, అంటే ఆ దిష్టి అన్నవాడి ఇంట్లోకి వస్తుందట. మా సెక్షన్ ఫోర్‌మన్ చంద్రశేఖర్ అయితే నన్ను పక్కకు పిలిచి నోరు మూసుకోమని బతిమాలాడు. చదువుకున్నవాడు, ఇంట్లో కంప్యూటర్ కూడా ఉంది.

జట్టు లీగ్ నుంచి దిగిపోయింది. ముతలాలికి పిచ్చి వదిలింది. తక్కిన ఆటగాళ్లలో కొందరిని కంపెనీ ఎలాగో సర్దుకుంది గానీ మారియప్పను గేటు లోపలికి రానివ్వలేదు. ఆ వేసవిలో అంగాళమ్మ ఇంటి కప్పుకు కొత్త రేకులు వేయించింది. క్వారీ కూలితో ఏళ్ల తరబడి కూడబెట్టి వేయించుకున్న రేకులు. ఆట అమ్మిన డబ్బులని బర్గూరు నుంచి హోసూరు దాకా చెప్పుకున్నారు. ఇదే రామచంద్రప్ప అదే వేసవిలో మేడ మీద మేడ కట్టాడు, అదెవరికీ కనబడలేదు. అంగాళమ్మ క్వారీ మానలేదు. దగ్గుతూనే రాళ్లు మోసింది, దగ్గుతూనే పోయింది. పోయే ముందు కొడుకును పిలిచి నిజం చెప్పమని అడిగిందట. ఆట అమ్ముకోలేదని చెప్పాడట. నమ్మిందో లేదో తనకు తెలియలేదని మారియప్ప నాతో అన్నాడు. అతను ఏడవడం నేను చూసింది ఆ ఒక్కసారే.

తర్వాత మూకండపల్లిలో అంగడి పెట్టాడు. శోభన అనే అమ్మాయిని చేసుకున్నాడు, ఆమె మంచిది. కుంకుమ మారియప్ప అన్న పేరు మాత్రం వదల్లేదు. ఆ పేరు పెట్టి పిలిచేవాళ్ల బండ్లకు కూడా ఒక మాట అనకుండా పంక్చర్ వేసేవాడు. నేనైతే ట్యూబు కోసి ఇచ్చేవాణ్ణి.

రెండు వేల ఏడులో ఆ జాతీయ లీగ్ ఆగిపోయి దాని చోట కొత్తది వస్తోందని పేపర్లలో పడింది. ఉన్నట్టుండి మా కంపెనీకి పాత వైభవం గుర్తొచ్చింది. పాత ఆటగాళ్లకు సన్మానమట. అప్పటికి రామచంద్రప్ప జనరల్ మేనేజరు. పిలవడానికి ఆంజప్ప వచ్చాడు. పోవద్దని నేను మొత్తుకున్నాను. మారియప్ప మాత్రం తెల్ల చొక్కా ఇస్త్రీ చేయించుకున్నాడు.

"ఒక్క మాట చెప్తారేమో అన్నా. ఈడు అమ్ముకోలేదు అని. నాకు ఆ మాట చాలు."

సభలో ఆ మాట రాలేదు. మారియప్ప పేరు చదివినప్పుడు రామచంద్రప్ప మైకులో నవ్వి, మన జట్టులో మంచి నటుడు కూడా ఉండేవాడని అన్నాడు. జనం నవ్వారు. పాతవాళ్లు అర్థమై నవ్వారు, కొత్తవాళ్లు వాళ్లను చూసి నవ్వారు. ఆ నవ్వులోనే మారియప్ప కుంటుకుంటూ పోయి శాలువా కప్పించుకుని వచ్చాడు. నాకు అక్కడే ఉమ్మేయాలనిపించింది.

సభ ముగిసి అందరం గేటు దగ్గరికి వచ్చాం. ఆ రోజూ అమావాస్యే, మా వైపు అది మంచిరోజు, చూసి పెట్టించాడు మరి. ఆంజప్ప గేటు ముందర గుమ్మడికాయ పగలగొట్టాడు. రామచంద్రప్ప కారు అవతల నిలబడి ఉంది. ఎవరితోనో మాట్లాడుతూ నడిచిన రామచంద్రప్ప నున్నటి బూటు గుజ్జు మీద పడింది. మనిషి వెల్లకిలా పడిపోవలసినవాడు. పక్కనున్నవాళ్లకు అది తెలిసేలోపలే మారియప్ప రెండు చేతులూ చాచి ఆయన్ను గాల్లోనే పట్టేశాడు. ఆయన ఒక్క మోకాలు మాత్రం నేలకు తగిలి తెల్ల ప్యాంటు ఎర్రబడింది. అంత బరువు మనిషిని పట్టి మారియప్ప వెనక్కి ఒక్క అడుగు వేయలేదు.

రామచంద్రప్ప నిలదొక్కుకున్నాడు. వెంటనే ఆంజప్ప మీద పడ్డాడు.

"బుద్ధి ఉండాదా నీకు? ఇట్ల దావలో పగలగొడితే ఎవురికైనా కాలు జారదా?"

గేటు దగ్గర అందరూ విన్నారు. చంద్రశేఖర్ ఉన్నాడు, యూనియన్ వాళ్లున్నారు, ఆనాడు గ్యాలరీలో కూర్చున్నవాళ్లు చాలామంది ఉన్నారు. ఒక్కడూ తల ఎత్తలేదు. తను ఏమన్నాడో రామచంద్రప్పకు అప్పుడు తెలిసింది. 

మారియప్ప ఆయన భుజం వదిలాడు.

"జారతాది సార్," అన్నాడు.

రామచంద్రప్ప కారెక్కి పోయాడు. ఆంజప్ప చీపురు కోసం లోపలికి పోయి ఎంతకూ రాలేదు. షిఫ్టు వదిలే సైరన్ మోగింది, కుర్రాళ్లు బండ్లు స్టార్ట్ చేస్తున్నారు. మారియప్ప తన మీద ఉన్న శాలువా తీసి, ఆ గుజ్జునూ గింజలనూ దానితోనే ఊడ్చి, మూట కట్టి కాలువలో పడేశాడు.